ఆరో జత

మూడో గడ్డం సగంలో ఉండగా రేడియో నవ్వాడు. నవ్వితే బుగ్గ కదులుతుంది, బుగ్గ కదిలితే తెగుతుంది. సున్నాలాయన బ్లేడు గాల్లో ఆపి, వాడి నవ్వు అయిపోయేదాకా నిలబడ్డాడు. తొందరపడి లాభం లేదు. రేడియో నవ్వు పల్లంలోకి జారిన బండిలాంటిది, కిందిదాకా వెళ్ళి దానంతటది ఆగాల్సిందే.

వరండాలో బెంచీ మీద అయిదుగురు మగవాళ్ళు వరసగా కూర్చుని ఉన్నారు. అందరి మెడలకీ తువ్వాళ్ళున్నాయి. రెండు నున్నటి మొహాలు, ఒకటి సగం నురగ, ఇంకా చెయ్యిపడని గడ్డాలు రెండు. అందరూ నలభై దాటినవాళ్ళే. పెద్దోడికైతే బట్టతల చుట్టూ మిగిలిన నాలుగు వెంట్రుకలూ నెరిసిపోయాయి. వయసు వీళ్ళ ఒంటిమీదికి వచ్చింది గాని మనసు గుమ్మం దాటి లోపలికి పోలేదు. అమ్మానాన్నలు బతికున్నంతకాలం ఎవరింట్లో వాళ్ళు పెరిగారు. వాళ్ళు పోయాక తోడబుట్టినవాళ్ళు తలో దిక్కూ చూశారు. అప్పుడొక ట్రస్టు ఈ ఇల్లు తీసుకుని అయిదుగురినీ ఒకచోట చేర్చింది. వాళ్ళ వంట, స్నానాలు, మందులు, తగువులు అన్నీ చూసుకునే మనిషి సున్నాలాయన.

అతను నురగ పట్టించే తీరు గడ్డాలు గీసేవాళ్ళ తీరు కాదు. గోడకి సున్నం కొట్టినట్టు కొడతాడు. పైనుంచి కిందికి ఒక చెయ్యి, అడ్డంగా ఒక చెయ్యి, మూలల్లో కుంచె తిప్పి పొడవడం. చెవుల దాకా తెల్లబడితే గాని అతనికి తృప్తి ఉండదు. మొరటు వేళ్ళు, సున్నం తిని తిని గోళ్ళు పెళుసెక్కిపోయాయి. అయినా ఇన్నేళ్ళలో ఆ బెంచీ మీద రక్తం చుక్క పడలేదు.

"చెప్పు మళ్ళీ. బాబాయ్ ఎక్కడ పడుకుంటాడు?" అని తన గురించే అడిగాడు సున్నాలాయన.

"బాబాయ్ ఇక్కడ పడుకోడు," అన్నాడు రేడియో.

"మరి?"

"వంట చేసేసి ఇంటికెళ్ళిపోతాడు."

"శెభాష్. ఏ ఇంటికి?"

రేడియో ఆలోచించాడు. విన్నది విన్నట్టు చెప్పడమే గాని, విననిది చెప్పడం వాడికి రాదు. "ఏ ఇంటికి బాబాయ్?" అని ఎదురడిగాడు.

సున్నాలాయన జవాబు చెప్పకుండా గడ్డం కింద బ్లేడు పెట్టాడు. ఆ సంగతి అతనికీ తెలియదు.

ఆ వీధికి మంచివాళ్ళుండే వీధి అని పేరు. ఆ పేరెవరు పెట్టారో తెలియదు, అక్కడివాళ్ళే పెట్టుకుని ఉంటారు. అన్నీ కుటుంబాలు, గేటుగేటుకీ పూలకుండీలు. అలాంటి వీధిలో ఎదురింటాయన తన మేడని రోజువారీ అద్దెకి ఇవ్వడం మొదలుపెట్టాడు. ఇవాళ వచ్చినవాళ్ళు రేపుండరు. ఏ వేళప్పుడు చూసినా చక్రాల పెట్టెలు గడగడమంటూ వీధంతా దొర్లుతుంటాయి. రేడియోకి మాత్రం అదొక సంబరం. దిగిన ప్రతివాడికీ గేటు దగ్గర నిలబడి స్వాగతం చెప్పేవాడు, వెళ్ళేటప్పుడు మళ్ళీ రమ్మనేవాడు. పక్కింటి మేష్టారికి మాత్రం ఒళ్ళు మండింది. ఆయన రిటైరై పదేళ్ళయినా మునిసిపాలిటీవాళ్ళని ఇంకా బెంచీ ఎక్కించగలననే అనుకుంటారు. గట్టిగా ఫిర్యాదు చేశారు.

మునిసిపాలిటీ కదిలింది. కదలకపోయినా బాగుండేది. ఈ వీధుల్లో ఏ ఇంట్లోనైనా సరే, బంధుత్వం లేనివాళ్ళు అయిదుగురికి మించి రాత్రిళ్ళు పడుకోకూడదని రూలు పెట్టింది. ఎదురింటాయన బెదరలేదు. దిగినవాళ్ళందరూ తన బావమరుదులే అన్నాడు. ఏ దేశపు మొహం కనిపించినా బావమరిదే. బావమరుదులు దొరకనిది ఈ ఇంటికే. ఇక్కడ అయిదుగురూ ఒకరికొకరు ఏమీ కారు, సున్నాలాయనతో కలిపి ఆరుగురు. రూలు దాటితే ఇల్లు ఖాళీ చేయించి, ఊరి చివరి పెద్ద ఆశ్రమానికి పంపేస్తారు. అక్కడ హాలుకి వందమంది, ఎవరిని ఏ హాల్లో పడేస్తారో వాళ్ళిష్టం. ట్రస్టు అమ్మగారు నిన్న ఫోన్లో సంగతంతా చెప్పి, రేపు మునిసిపాలిటీనుంచి ఒకావిడ చూసిపోవడానికి వస్తుందని, "ఎలాగోలా నెట్టుకురావయ్యా," అని పెట్టేసింది. ఎలాగోలా అన్న మాట పైనుంచి వచ్చినప్పుడల్లా కిందివాడి నెత్తినే పడుతుంది.

సున్నాలాయన ఎలాగోలా ఏర్పాట్లు చేశాడు. హాల్లో తను పడుకునే పరుపు చుట్టి అటక మీదికి తోశాడు. తన ట్రంకుపెట్టె మీద దుప్పటి కప్పి, పైన పూలకుండీ పెట్టాడు. గోడకున్న చొక్కా తీసేశాడు. చివరికి చెప్పులు కూడా గోనెసంచిలో చుట్టి పెరట్లో నీళ్ళ డ్రమ్ము వెనక దాచాడు.

దాచకుండా ఉండాల్సింది ఆ చెప్పులే.

వీధిగుమ్మం పక్కన ఒక పొడవాటి చెక్క ఉంది. ఆరు జతల చెప్పులూ దానిమీద ఉంటాయి. వాటి పెత్తనం జతలబ్బాయిది. నలభై అయిదేళ్ళవాడు, సన్నగా పొడుగ్గా ఉంటాడు, మాట తక్కువ. ఎవరు ఎలా విడిచినా క్షణంలో వచ్చి జత కూర్చి, మడమలు సమంగా చేర్చి, వేళ్ళ వైపు ఇంట్లోకి తిప్పి పెడతాడు. మనిషి ఇంట్లో ఉంటే చెప్పులు లోపలికి చూడాలి. మనిషి బయటికెళ్తే చెప్పులూ వెళ్తాయి, వాటి చోటు ఖాళీగా ఉండాలి. ఆ ఖాళీలో ఇంకొకరి కాలు పడనివ్వడు. మనిషి తిరిగొచ్చేదాకా దాని పక్కనే కూర్చుంటాడు. మనిషి ఇంట్లో తిరుగుతూ ఉండి, చెప్పులు చెక్కమీద లేకపోవడమన్నది వాడి లోకంలో ఎప్పుడూ జరగలేదు.

ఆ పొద్దున్న జరిగింది. గడ్డం గీయించుకుంటున్నంతసేపూ జతలబ్బాయి కళ్ళు సున్నాలాయన పాదాల మీదే ఉన్నాయి. వట్టి పాదాలు. చెక్కవైపు చూస్తాడు, మళ్ళీ పాదాలవైపు చూస్తాడు. సున్నాలాయన వాణ్ణి గమనించలేదు, అతని ధ్యాసంతా రేడియో మీద ఉంది. తేలు ఒకవైపుంటే దీపం ఇంకోవైపు పట్టుకున్నాడు పాపం.

మునిసిపాలిటీ ఆవిడ ఎండెక్కాక వచ్చింది. ముప్పై అయిదేళ్ళుంటాయి. భుజాన సంచి, చెమటకి మెడ దగ్గర అతుక్కుపోయిన జుట్టు, పొద్దుటినుంచి ఇల్లిల్లూ తిరిగి అందరిచేతా తిట్లు తిన్న మొహం. గుమ్మం దగ్గర చెప్పులు విడిచింది. జతలబ్బాయి వెంటనే వంగి, వాటి దుమ్ము తన తువ్వాలుతో తుడిచి, చెక్క చివర అతిథుల చోట్లో పెట్టాడు. ఆవిడ ఒక అడుగు వెనక్కి వేసింది. ఆ రోజు ఆవిడకి ఎవరైనా చేసిన మొదటి మర్యాద అదే కాబోలు, కాసేపు ఏం చెయ్యాలో తెలియనట్టు నిలబడిపోయింది.

లోపలికొచ్చి మంచాలు చూసింది. అయిదు. కంచాలు చూసింది. అయిదు, ఆరోది సున్నాలాయన బియ్యం డబ్బాలో పూడ్చిపెట్టాడు. పెద్దోడు ఆవిడ వెనకే నడుస్తూ, "అది బాత్రూము. ఇది తలుపు. ఇది గోడ," అని అన్నీ చూపించాడు.

"రాత్రిళ్ళు వీళ్ళతో ఎవరుంటారండీ?"

"ఎవరూ ఉండరు మేడమ్. నేను వంట చేసి వెళ్ళిపోతాను," అన్నాడు సున్నాలాయన. గోడకి చెప్పినట్టు చెప్పాడు. మనుషులకి అబద్ధం చెప్పడం అతనికి ఎప్పుడూ చేతకాలేదు.

రేడియో తన వంతు వచ్చిందనుకుని ముందుకొచ్చి నిలబడ్డాడు. "బాబాయ్ ఇక్కడ పడుకోడు. వంట చేసేసి ఇంటికెళ్ళిపోతాడు. శెభాష్. చెప్పు మళ్ళీ. ఆవిడ అడిగితే ఇదే చెప్పాలి. తప్పు చెప్పావంటే అందర్నీ పట్టుకుపోతారు. నవ్వకు, బ్లేడు తగుల్తుంది."

అన్నీ పొల్లుపోకుండా సున్నాలాయన గొంతుతోనే చెప్పాడు.

ఆవిడ కింది పెదవి పళ్ళతో నొక్కిపట్టింది. అంతలో పెరటివైపునుంచి జతలబ్బాయి వచ్చాడు. చేతిలో గోనెసంచి. మొహం వెలిగిపోతోంది. తప్పిపోయిన మేక దొరికినవాడిలా ఉన్నాడు. తిన్నగా గుమ్మం దగ్గరికి వెళ్ళి, సంచి విప్పి, సున్నాలాయన చెప్పులు తీశాడు. అరిగిన మడమలు, ఎడమదానికి వేరే రంగు పట్టీ. వాటిని చెక్కమీద ఖాళీ చోట్లో పెట్టి, మడమలు సమం చేసి, వేళ్ళు లోపలికి తిప్పాడు. ఆరు జతలు సరిగ్గా కుదిరాయి. హమ్మయ్య అన్నట్టు ఊపిరి వదిలి, మునిసిపాలిటీ ఆవిడకేసి తిరిగి, తక్కువ మాట్లాడేవాడు కాస్తా నోరు విప్పాడు.

"బాబాయ్‌వి. రోజూ ఇక్కడే ఉంటాయి. రాత్రి కూడా."

సున్నాలాయన చేతులు జోడించి, "వాళ్ళ తప్పేం లేదు మేడమ్. నేనే నేర్పాను. నేర్పడం కూడా నాకు రాలేదు," అన్నాడు.

ఆవిడ ఇంక ఆపుకోలేకపోయింది. కుర్చీలో కూలబడి నవ్వింది. ఆవిడ నవ్వితే రేడియో నవ్వాడు, రేడియో నవ్వితే మిగతావాళ్ళూ అందుకున్నారు. ఎందుకు నవ్వుతున్నాడో తెలియని పెద్దోడే అందరికంటే గట్టిగా నవ్వాడు. ఏడవబోయిన సున్నాలాయన కూడా వాళ్ళ మధ్య పడి నవ్వాడు.

"పొద్దుటినుంచి ఎదురింట్లో బావమరుదుల్ని చూసి వస్తున్నానండీ," అంది ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ. "ఒకడికైనా ఇంకొకడి పేరు తెలియదు. ఇక్కడ చెప్పులక్కూడా చుట్టరికం ఉంది."

"అయితే ఇల్లు ఉంచుతారా?"

"అది నా చేతిలో లేదు. అయిదుగురు ఉండొచ్చు. మీరు పగలంతా ఉండొచ్చు. ఈ రాత్రినుంచి మాత్రం ఇక్కడ పడుకోవడానికి లేదు. అలా ఒప్పుకుంటే వీళ్ళ జోలికి ఎవరూ రారు, ఆ మాట నేను రాసిస్తాను."

"ఒప్పుకున్నా," అన్నాడతను. ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"మరి రాత్రి వీళ్ళకేమైనా అయితే?"

"రూల్లో ఏముంది మేడమ్?"

"అదొక్కటే లేదు," అని ఆవిడ లేచింది. గుమ్మం దగ్గర తన చెప్పులు తొడుక్కుంటూ వాటికేసి ఒకసారి చూసుకుంది. పొద్దుటికంటే శుభ్రంగా ఉన్నాయి.

ఆవిడ వెళ్ళాక పెద్దోడు దగ్గరికొచ్చాడు. "మనల్ని పట్టుకుపోరా?"

"పోరు."

"నువ్వెక్కడికి పోతావ్?"

"ఎక్కడికీ పోను. పడుకోడానికే పోతాను."

"ఎక్కడికి?"

ఆ ప్రశ్న అతన్ని పుట్టినప్పటినుంచీ వెంటాడుతూనే ఉంది. పన్నెండేళ్ళప్పుడు సున్నాల పనికి వెళ్ళాడు. ఆ పనివాళ్ళు ఖాళీ ఇళ్ళల్లో పడుకుంటారు. తలుపులింకా బిగించని గదుల్లో, తడి గోడల మధ్య, గోనెపట్టా పరుచుకుని పడుకుంటారు. ఇల్లు తెల్లబడి, మంచాలూ బీరువాలూ దిగే రోజుకి కుంచె కడుక్కుని బయటికి నడుస్తారు. పని లేనప్పుడు అక్క ఇంట్లో వంటగది పక్కన చోటు ఉండేది. బావ మొహం చూస్తే అదీ ఇరుకయ్యేది. ఒకసారి పెళ్ళి మాటలు నడిచాయి. పిల్ల తండ్రి ఇల్లు చూపించమంటే, తను అప్పుడు సున్నం వేస్తున్న రెండంతస్తుల మేడ చూపించాడు. అబద్ధమాడాలని కాదు, బాగుందా అని అడగాలనిపించింది. బాగుందనే అన్నాడు పెద్దమనిషి. ఆ ఇంటి ఓనరు వచ్చి ఎవరు మీరంతా అనేదాకా బాగానే ఉంది.

ఈ ఇంటికీ సున్నం వేయడానికే వచ్చాడు. చివరి గోడ ఆరకముందే ట్రస్టువాళ్ళు అయిదుగురినీ తెచ్చి దింపారు. వాళ్ళని చూసుకోవడానికి పెట్టిన మనిషి మధ్యాహ్నం టీ తాగొస్తానని వెళ్ళి, ఇప్పటికీ తాగుతూనే ఉన్నాడు. సాయంత్రం జతలబ్బాయి గడ్డం దురదపెట్టి ఏడుస్తుంటే, సున్నాలాయన కుంచె కడిగి పక్కన పెట్టి సబ్బు నురగ చేశాడు. బయటికి నడవడం ఆ రోజు మర్చిపోయాడు. మళ్ళీ గుర్తురాలేదు.

అతను అటకమీంచి దించిన పరుపు వరండాలో దులుపుతుండగా పిట్టగోడ అవతల దగ్గు వినిపించింది. మేష్టారు. బనియను మీద కండువా, చేతిలో మొక్కలకి నీళ్ళు పోసే మగ్గు, మగ్గులో నీళ్ళు లేవు.

"ఏమోయ్, వచ్చిందటగా ఆవిడ?"

"వచ్చిందండీ. నన్ను పడుకోవద్దంది."

మేష్టారు వట్టి మగ్గు మొక్కమీద వంచారు. "నేను రాసింది ఎదురింటి గురించి. చదవడం వచ్చిన వెధవ ఒక్కడున్నాడా ఆ ఆఫీసులో? ఎదురింటివాడు దర్జాగా ఉన్నాడు, నిన్ను పట్టుకున్నారు."

"తెలుసండీ మేష్టారూ. మీరు మామీద రాయరు."

ఆ మాట ఆయనకి తిట్టుకంటే గట్టిగా తగిలింది. కాసేపు ఆకులు లెక్కపెట్టినట్టు నిలబడి, "పైన గదొకటి ఖాళీగా ఉంది. ఖాళీ అంటే, ఎలకలున్నాయి. గోడలు నల్లగా ఉంటాయి. దాని కిటికీ మీ వరండా మీదికే," అన్నారు.

"అద్దె ఎంతండీ?"

"అద్దె గురించి అడిగానా నేను? పొద్దున్న ఆ బెంచీ మీద నాక్కూడా కాస్త చోటు పెట్టు. చెయ్యి వణుకుతోంది, గడ్డం గీసుకుంటే పీక తెగేలా ఉంది," అని మేష్టారు మగ్గు పట్టుకుని లోపలికెళ్ళిపోయారు. కృతజ్ఞతలు చెప్పేవాళ్ళంటే ఆయనకి పడదు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక ఆరుగురూ మేష్టారి మేడెక్కారు. గోడలు ఆయన చెప్పినదానికంటే నల్లగా ఉన్నాయి. సున్నాలాయన తన ట్రంకు అడుగునున్న పాత కుంచె వెంట తెచ్చుకున్నాడు. కొట్టునుంచి తెచ్చిన సున్నం బకెట్లో కలిపి, చిటికెడు నీలిమందు వేసి, కర్రతో తిప్పుతుంటే ఆ వాసనకి వెన్ను నిటారుగా అయింది. అందరి తలలకీ గుడ్డలు కట్టి, కళ్ళమీదికి దించి, "మొహం మీద చెయ్యి పెట్టినవాడికి టీ లేదు," అని హెచ్చరించాడు. పెద్దోడికి చీపురిచ్చి బూజు అప్పగించాడు. ఇద్దరికి తడిగుడ్డలిచ్చి కిటికీ ఊచలు తుడవమన్నాడు. రేడియోకి నిచ్చెన పట్టుకునే పని.

మొదట బాగానే నడిచింది. తర్వాత పెద్దోడు చీపురు బకెట్లో ముంచాడు. ముంచి ఒక్క ఊపు ఊపాడు. పైకప్పు, కిటికీ, అప్పుడే చూద్దామని మెట్లెక్కి వచ్చిన మేష్టారు, అన్నీ ఒకేసారి చుక్కలు చుక్కలుగా తెల్లబడ్డాయి.

అందరూ బిగుసుకుపోయారు. మేష్టారు కళ్ళజోడు తీసి, చూసి, కండువాతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

"ఆ మూల వదిలేశావు చూడు," అన్నారు పెద్దోడితో.

"ఆ మూల వదిలేశావు చూడు," అన్నాడు రేడియో నిచ్చెన వదిలేసి. నిచ్చెన కదిలింది, పైనున్న సున్నాలాయన కిటికీ పట్టుకుని వేలాడాడు, కింద నవ్వులే నవ్వులు. వీధిలో చక్రాల పెట్టెతో వెళ్తున్న బావమరిది ఒకడు ఆగి, తలెత్తి, ఈ ఇంట్లో ఏదో పెళ్ళి జరుగుతోందనుకుని చెయ్యి ఊపాడు. రేడియో వాడికి మళ్ళీ రమ్మని చెప్పాడు.

పొద్దు వాలేసరికి గది తెల్లగా అయింది. వంకరటింకర గీతలు, చీపురు మచ్చలు, ఒక గోడమీద పెద్దోడి అరచెయ్యి అచ్చు. జీవితంలో ఇంత అధ్వాన్నంగా సున్నాలాయన ఏ గదికీ సున్నం వేయలేదు. అరచెయ్యి అచ్చు దిద్దబోయి, కుంచె వెనక్కి తీసుకున్నాడు. ఓనరు ఒప్పుకుంటే చాలు, ఓనరు తనే.

మేష్టారు తాళంచెవి ఇచ్చారు. తుప్పు పట్టిన చిన్న ఇనప ముక్క. వందల తలుపులకి రంగు వేసిన మనిషి, ఒక్క తలుపుకైనా తాళం వేసి ఎరగడు. ఒకసారి వేశాడు. తీశాడు. మళ్ళీ వేశాడు. ఎవరూ చూడటం లేదని తెలిశాక ఇంకోసారి తీశాడు.

వెళ్ళడం అన్నది పెద్దగా ఏమీ జరగలేదు. వంట చేశాడు, పెట్టాడు, బియ్యం డబ్బాలోంచి తన కంచం తవ్వి తీసి తనూ తిన్నాడు, అందరి మందులూ ఇచ్చాడు, స్టౌ కట్టేశాడు. ఖాళీ రంగు డబ్బాలో నాలుగు మేకులు వేసి పైగది కిటికీకి వేలాడదీశాడు. దానికి కట్టిన తాడు పిట్టగోడ మీదుగా హాల్లో పెద్దోడి మంచం దాకా లాగాడు. "అవసరమైతేనే లాగాలి," అన్నాడు. పెద్దోడు తాడు చేతికి చుట్టుకుని, ఊరంతటికీ కొత్త అధికారి అయిపోయినట్టు తలాడించాడు. పరుపు భుజాన వేసుకుని, ట్రంకు రేడియో ఒకవైపు పట్టుకోగా, సున్నాలాయన గేటు దాటి పక్క గేట్లోకి వెళ్ళాడు. అంతే దూరం.

మెట్లెక్కి పరుపు పరిచేలోపే డబ్బా గలగలమంది. కిటికీలోంచి వంగాడు.

"ఏంట్రా?"

"ఉన్నావో లేదో చూశా," అన్నాడు పెద్దోడు వరండాలోంచి.

"ఉన్నా."

మళ్ళీ గలగల. ఈసారి రేడియో. తర్వాత మిగతా ఇద్దరూ వరసగా లాగారు. ప్రతిసారీ వంగి, ఉన్నా అన్నాడు. కింది గదిలోంచి మేష్టారు, "ఉన్నాడర్రా, ఉన్నాడు. నేను పూచీ," అని కేక పెట్టారు.

జతలబ్బాయి మాత్రం తాడు దగ్గరికి రాలేదు. వాడు గుమ్మం దగ్గర దీపం కింద కూర్చుని ఉన్నాడు. సున్నాలాయన తన కాళ్ళు చూసుకున్నాడు. మడమల దాకా సున్నం ఎండిన వట్టి పాదాలు. పొద్దుటినుంచీ చెప్పులు లేకుండానే తిరిగాడు, ఇక్కడికీ అలాగే వచ్చేశాడు. దిగివెళ్ళి తెచ్చుకుందామని ఒక అడుగు వేసి, మళ్ళీ కిటికీ దగ్గరికే వచ్చాడు.

కింద జతలబ్బాయి చెక్కమీదినుంచి ఒక జత తీసి, తువ్వాలుతో తుడిచి, ఉన్నచోటనే పెట్టాడు. ఒకసారి తలెత్తి కిటికీకేసి చూశాడు, నవ్వి, లోపలికెళ్ళి తలుపు వేసుకున్నాడు. దీపం వెలుగులో ఆరు జతలూ వరసగా ఉన్నాయి. చివర్న అరిగిన మడమలతో, వేరే రంగు పట్టీతో, సున్నాలాయన చెప్పులు ఇంట్లోకే చూస్తున్నాయి.